వరికి నేస్తం.. చెరువుకు శత్రువు
మేత మోతాదు మించితే నీలి ఆకుపచ్చ నాచు విజృంభణ
మందుతో ఒక్కసారిగా చంపితే మొదటికే మోసం

కొవ్వూరు: ఏటా వేసవిలో విజ్జేశ్వరం వద్ద పశ్చిమ డెల్టా కాలువలకు నీరు నిలిపివేయగానే దిగువ ప్రాంతాల్లోని చేపలు, రొయ్యల చెరువులకు కొత్త నీటి కటకట మొదలవుతుంది. ఉన్న నీరు ఎండకు ఇగిరిపోతుంది. రోజూ వేసే మేత మాత్రం ఆగదు. సరిగ్గా ఈ దశలోనే గాలి వాలున ఉన్న చెరువు మూలల్లో పచ్చరంగు ఒలకబోసినట్లు తెట్టు కనిపిస్తుంది. అదే నీలి ఆకుపచ్చ నాచు. తొలి రోజుల్లోనే గుర్తించి మేతను సరిచేసుకుంటే పంట దక్కుతుంది. కంగారుపడి మందు కుమ్మరిస్తే మాత్రం నెలల శ్రమ ఒక్క రాత్రిలో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

నాచు కాదు.. బాక్టీరియా

పేరుకు నాచే అయినా ఇది నిజానికి బాక్టీరియా. శాస్త్రజ్ఞులు దీనిని సయనోబాక్టీరియా అంటారు. మొక్కల మాదిరిగా సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొని ప్రాణవాయువును వదులుతుంది. దాదాపు 240 కోట్ల ఏళ్ల క్రితం భూమి చుట్టూ ఆక్సిజన్ పేరుకోవడం మొదలైంది ఈ సూక్ష్మజీవుల వల్లనే.

డెల్టా వరి రైతుకు ఇది కొత్త కాదు. గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు అందించే శక్తి ఇందులోని కొన్ని రకాలకు ఉంది. వరి మడుల్లో ఇవి చేసే ఈ మేలును భారతీయ శాస్త్రవేత్త పి.కె.డే 1939లోనే నిరూపించారు. తర్వాతి కాలంలో ఇది జీవన ఎరువుగా వాడుకలోకి వచ్చింది. అజొల్లా ఆకుల్లో దాగి నత్రజనిని అందించేది కూడా ఈ జాతిదే. మడిలో మేలు చేసే ఈ గుణమే చెరువులో చేటవుతోంది. నీటిలో నత్రజని తగ్గినా భాస్వరం దండిగా ఉంటే చాలు, మిగిలిన నాచులన్నీ వెనుకబడగా ఇది మాత్రం పెరిగిపోతుంది.

మేతలోనే మూలం

రొయ్యల మేతలో సుమారు 35 శాతం మాంసకృత్తులు ఉంటాయనుకుంటే, 100 కిలోల మేతలో 5.6 కిలోల నత్రజని ఉన్నట్లు లెక్క. అందులో రొయ్య ఒంటికి పట్టేది పావు వంతు నుంచి మూడో వంతు వరకే. మిగిలిన సుమారు 4 కిలోలు రెట్టగానో, తినని మేతగానో నీటిలోనే ఉండిపోతాయి. అంటే ప్రతి 100 కిలోల మేతతో పాటు 8 కిలోలకు పైగా యూరియాను చెరువులో చల్లినట్లే. చేపల చెరువుల్లో వేసే కోళ్ల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్, సంచులు కట్టి అందించే తవుడు దీనికి అదనం. నీరు మార్చే వీలులేని వేసవిలో ఈ పోషకాలన్నీ అడుగున పేరుకుపోయి నాచుకు విందవుతాయి.

పగలు ప్రాణవాయువు.. రాత్రి ప్రాణగండం

నాచు ముదిరిన చెరువులో మధ్యాహ్నం ఆక్సిజన్ పుష్కలంగా ఉంటుంది. చీకటి పడ్డాక నాచు కూడా చేపలు, రొయ్యలతో పాటు ఆ ఆక్సిజన్‌నే పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకు అది లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగువకు పడిపోతే చేపలు నోళ్లు తెరుచుకొని పైకి వస్తాయి. రొయ్యలు గట్ల వెంట తేలతాయి. ఆకాశం మబ్బు పట్టిన రోజుల్లో ఈ ముప్పు మరింత ఎక్కువ.

రెండో ముప్పు అమ్మోనియా. నాచు దట్టమైతే సాయంత్రానికి నీటి పీహెచ్ 9 దాటుతుంది. నీటి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు ఉన్నప్పుడు, పీహెచ్ 7 వద్ద మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపంలో ఉండేది ఒక శాతం లోపే. పీహెచ్ 9 వద్ద అది 40 శాతం దాటుతుంది. అమ్మోనియా పరిమాణం పెరగకపోయినా దాని విషం పెరుగుతుందన్న మాట.

మూడోది మట్టి వాసన. తొలకరి వానకు నేల నుంచి లేచే సువాసనకు కారణమైన జియోస్మిన్ అనే పదార్థాన్ని ఈ నాచులో కొన్ని రకాలు తయారుచేస్తాయి. నేలపై హాయిగొలిపే ఆ వాసనే చేప కండకు పడితే కొనేవారు ఉండరు. ఇలాంటి చేపలను కొన్ని రోజులు శుభ్రమైన నీటిలో ఉంచితే గాని ఆ వాసన వదలదు.

గుర్తించడం ఇలా

చెరువు నీటిని గాజు సీసాలో పట్టి, కదల్చకుండా ఓ రాత్రి ఉంచాలి. పచ్చదనం పైకి తేలి పొరలా కడితే సయనోబాక్టీరియా అని అనుమానించవచ్చు. దీని కణాల్లోని గాలి తిత్తులే ఇలా తేలడానికి కారణం. మామూలు నాచు చాలావరకు అడుగుకు చేరుతుంది. కచ్చితంగా తేల్చేందుకు ల్యాబ్‌లో సూక్ష్మదర్శిని పరీక్ష చేయించాలి.

నలుపు, తెలుపు రంగులు వేసిన 20 సెంటీమీటర్ల వెడల్పు పళ్లేన్ని తాడుకు కట్టి నీటిలోకి దించితే నాచు సాంద్రత తెలుస్తుంది. 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతు వరకు పళ్లెం కనిపిస్తే నీరు బాగున్నట్లు. 25 లోపే కనుమరుగైతే జాగ్రత్త పడాలి. ఉదయం, సాయంత్రం పీహెచ్‌ల మధ్య తేడా 0.5 మించకుండా చూసుకోవాలి.

ఏం చేయాలి?

* ఎరువులు, పేడ, కోళ్ల వ్యర్థాలు వెంటనే ఆపాలి. చెక్ ట్రేలలో మిగిలిన మేతను చూసి ఆ మేరకు కోత పెట్టాలి. ఆక్సిజన్ తగ్గిన ఉదయం మేత వేయరాదు.
* గాలి వాలున చేరిన తెట్టును సన్నని వలతో తోడి చెరువుకు దూరంగా పారవేయాలి. గట్టు మీద వదిలితే వానకు తిరిగి నీటిలోకే చేరుతుంది.
* అర్ధరాత్రి నుంచి ఎండ వచ్చే వరకు ఏరియేటర్లు ఆపరాదు.
* మంచి నీరు దొరికితే కొద్దికొద్దిగా, విడతలుగా మార్చాలి.
* బెల్లం మడ్డి, ప్రోబయోటిక్స్ వాడితే మేలు చేసే బాక్టీరియా పెరిగి అమ్మోనియాను వాడుకుంటుంది. అయితే ఆ బాక్టీరియాకూ ఆక్సిజన్ కావాలి. అందువల్ల ఏరియేటర్లు సరిపడా ఉన్నప్పుడే, పగటిపూట, నిపుణులు చెప్పిన మోతాదులోనే వేయాలి.
* పీహెచ్ ఇప్పటికే ఎక్కువగా ఉన్న చెరువులో కాల్చిన సున్నం చల్లరాదు.

మందులతో మరింత నష్టం

మైలతుత్తం వేస్తే నాచు చస్తుంది. అసలు ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. కణాలు పగిలి లోపలి విషాలు నీటిలో కలుస్తాయి. అమ్మోనియా ఒక్కసారిగా పెరుగుతుంది. పైగా క్షారత తక్కువగా ఉన్న నీటిలో రాగి రొయ్యకే విషం. యాంటీబయాటిక్స్ వాడితే వాటి అవశేషాలు రొయ్యల్లో మిగిలి, ఎగుమతి సరుకు తిరస్కరణకు గురవుతుంది. మేత తగ్గించకుండా ఎన్ని మందులు వేసినా వారం పది రోజుల్లో నాచు తిరిగి వస్తుంది.

అద్దాల తొట్టెల్లోనూ ఇదే తీరు

ఇళ్లలో ఉప్పునీటి తొట్టెల్లో పగడాలు, రంగు చేపలు పెంచేవారికి ఇదే బాక్టీరియా ఎర్రని జిగురు పొర రూపంలో ఎదురవుతుంది. ఇసుకపై దుప్పటిలా పరుచుకొని, గాలి బుడగలతో నిండి ఉంటుంది. ఇక్కడా మూలం అదనపు మేతే. పొరను గొట్టంతో పీల్చి తీసివేయడం, మేత తగ్గించడం, కుళాయి నీటికి బదులు ఆర్‌వో నీటిలో ఉప్పు కలిపి వాడడం, నీరు నిలిచిపోయే మూలలకు పంపుతో ప్రవాహం కల్పించడం సరైన మార్గాలు. మూడు రోజులు దీపం ఆర్పి తొట్టెను కప్పి ఉంచే పద్ధతి కూడా ఉంది. ఆ రోజుల్లో గాలి పంపు ఆగకూడదు. చచ్చిన పొరను తొలగించి కొంత నీరు మార్చాలి. యాంటీబయాటిక్ వేస్తే తొట్టెలోని అమ్మోనియాను శుద్ధి చేసే మేలు బాక్టీరియా కూడా దెబ్బతినే అవకాశం ఉంది.

తాగునీటి చెరువులపై కన్నేయాలి

డెల్టా గ్రామాలెన్నో వేసవిలో కాలువ నీటితో నింపుకున్న మంచినీటి చెరువుల మీదే ఆధారపడతాయి. ఈ జాతిలోని మైక్రోసిస్టిస్ వంటి రకాలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేయగలవు. నీటిని మరిగించినా ఈ విషం పోదు. తాగునీటిలో ఎల్‌ఆర్ రకం మైక్రోసిస్టిన్ లీటరుకు ఒక మైక్రోగ్రాము మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో సూచించింది. అమెరికాలోని టొలెడో నగరంలో 2014 ఆగస్టులో ఈ విషం కారణంగానే లక్షలాది మందిని కుళాయి నీరు తాగవద్దని హెచ్చరించారు.

పచ్చని తెట్టు కట్టిన చెరువులో పశువులను తాగనివ్వరాదు, పిల్లలను ఈతకు దించరాదు. మంచినీటి చెరువులో ఇలాంటి తెట్టు కనిపిస్తే పంచాయతీకి, గ్రామీణ నీటి సరఫరా సిబ్బందికి తెలియజేసి నీటిని పరీక్ష చేయించాలి. కాలువలు కట్టక ముందే చెరువు గట్లను శుభ్రం చేసి, ఎరువు నీరు, మురుగు లోనికి చేరకుండా చూసుకుంటే వేసవిలో ఆ అవసరం చాలావరకు రాదు.