కొండెక్కడానికి ఎన్ని గుర్రాలు కావాలి?

ఆళ్లగడ్డ దాటి అహోబిలం వైపు మళ్లితే, కుందూ లోయ నల్లరేగడి క్రమంగా వెనకబడి నల్లమల రాయి మొదలవుతుంది. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలానికి తారు రోడ్డుంది కాబట్టి ఏ కారైనా పోతుంది. నవ నారసింహ క్షేత్రాల్లో ఒకటైన పావన నృసింహుడి గుడికి మాత్రం అడవిలోంచి రాళ్ల దారి. నడవలేని భక్తులను అక్కడికి చేర్చేవి జీపులే. మనిషి ఎక్కడానికే వెనకాడే బండల మీదుగా జీపు ఊగుతూ వెళ్తుంటే చూసేవాళ్లు సాధారణంగా అనే మాట, ‘ఇంజన్‌కు ఎంత దమ్ముందో!’ అని. ఫోర్ బై ఫోర్ బండ్ల ప్రకటనలు కూడా ఈ నమ్మకాన్నే పెంచి పోషిస్తాయి. కొండ కొమ్మున బండి బొమ్మ, దాని కింద హార్స్ పవర్ అంకె. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే ఇంజన్‌కు మనం కట్టబెడుతున్న ఘనతలో పెద్ద వాటా గేర్లకూ టైర్లకూ, అన్నిటికన్నా ముందు నేలకూ చెందాలని తేలుతుంది.

మనుషులతో కలిపి 2,000 కిలోల బరువున్న జీపు, నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేచే ఏటవాలు ఎక్కుతోందనుకుందాం. ఘాట్ రోడ్లలో అంత ఏటవాలు ఉండదు, అడవి దారుల్లో అక్కడక్కడా తగులుతుంది. బండిని వెనక్కి లాగే బలం దాని బరువులో దాదాపు నాలుగో వంతు, అంటే సుమారు 4,800 న్యూటన్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడకతో, ఎక్కడానికి కావలసిన శక్తి 7 కిలోవాట్ల లోపే. హార్స్ పవర్‌లో చెప్పాలంటే తొమ్మిది. నంద్యాల బజారులో తిరిగే 125 సీసీ మోటారు సైకిల్ ఇంజన్‌కే అంతకన్నా ఎక్కువ ఉంటుంది! రాళ్ల మీద ఎగిరెగిరి పడటంలో పోయే శక్తిని కలిపి లెక్కను రెట్టింపు చేసినా పద్దెనిమిది దాటదు. రెండో ప్రపంచ యుద్ధంలో పేరు మోసిన విల్లీస్ జీపు ఇంజన్ శక్తి 60 హార్స్ పవర్ మాత్రమే. 1940ల చివర్లో మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది ఆ వంశపు జీపునే. ఇప్పటి మామూలు కుటుంబ కారు ఇంజన్ కూడా దాన్ని మించిపోయింది. అయినా ఆ కారు ఈ దారిలో కదలదు.

కారణం గేర్లలో ఉంది. పైన చెప్పిన బలాన్ని 35 సెంటీమీటర్ల వ్యాసార్ధమున్న చక్రాల దగ్గర పుట్టించాలంటే ఇరుసుల దగ్గర 1,700 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలం, అదే మెకానిక్కులు టార్క్ అనేది, కావాలి. ఇంజన్ ఇచ్చేది 150 అనుకుంటే దాన్ని కనీసం పదకొండు పన్నెండు రెట్లు చేయాలి. మొదటి గేరు, ఇరుసులోని పళ్లచక్రాలు కలిసి మామూలుగా పద్దెనిమిది రెట్ల దాకా చేస్తాయి. మరి చాలు కదా? చాలదు. ఆ నిష్పత్తిలో ఇంజన్ నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతుంటే బండి గంటకు 7 కిలోమీటర్ల పైన పోతుంది. తలకాయంత రాళ్ల మీద అది పరుగే. అంతకన్నా నెమ్మదించాలంటే డ్రైవరు క్లచ్ సగం తొక్కి పట్టాలి. కాసేపటికి క్లచ్ ప్లేటు కాలిన వాసన వస్తుంది. జీపులో పెద్ద గేరు పక్కన ఉండే చిన్న గేరు పుల్ల ఇక్కడ పనికొస్తుంది. దాన్ని ‘లో’లోకి వేస్తే నిష్పత్తి మరో రెండు, రెండున్నర రెట్లు పెరుగుతుంది. క్లచ్ ముట్టకుండా, ఇంజన్ ఆగకుండా, గంటకు 3 కిలోమీటర్లతో బండి పాకుతుంది. రాయి ఎక్కి దిగే ప్రతి చక్రానికీ కుదురుకునే వ్యవధి దొరుకుతుంది.

చక్రానికి ఎంత టార్క్ చేరినా, అది నేలను ఎంత గట్టిగా నెట్టగలదన్నది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది. ఒకటి చక్రం మీద పడుతున్న బరువు, రెండోది నేలకూ టైరుకూ మధ్య రాపిడి. ఈ హద్దు దాటి టార్క్ పంపితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, అంతే. రెండో సంగతి ఎంత మారుతుందో చూడటానికి నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య నేలను మించిన ప్రయోగశాల అక్కర్లేదు. నల్లమల శిఖరాలను కట్టిన రాయి ఎక్కువగా క్వార్ట్జైట్. కోటానుకోట్ల ఏళ్ల కిందటి ఇసుక ఒత్తిడికి, వేడికి గట్టిపడి ఏర్పడింది. గాజును గీసేంత కరుకు. దాని గట్టితనం గురించి రాతిని నమ్ముకుని బతికే ఆళ్లగడ్డ శిల్పులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పొడిగా ఉన్నంతసేపు దాని మీద రబ్బరు పట్టు బరువులో 0.7 వంతు దాకా ఉంటుంది. కొండ దిగి కుందూ ఒడ్డు రేగడిలోకి వస్తే కథ మారిపోతుంది. ఈ బంకమట్టి రేణువులు పొరల మధ్యకు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి. నాలుగు చినుకులు పడితే చాలు, మట్టి టైరు గాళ్లలో కూరుకుపోయి కొత్త టైరును కూడా బోడి టైరు చేస్తుంది. పట్టు 0.3 దగ్గరికి, ఒక్కోసారి ఇంకా కిందికి జారిపోతుంది. కె.సి. కాలువ కింద మాగాణి దున్నే రైతు ట్రాక్టరుకు ఇనుప కేజ్ వీల్స్ తగిలించేది ఇందుకే. అంటే కొండ మీద గెలిచిన జీపు, రెండు గంటల తర్వాత చదును పొలం దారిలో కూరుకుపోయిందంటే అందులో వింతేమీ లేదు.

ఫోర్ బై ఫోర్ చేసే మేలు ఎంతో ఇప్పుడు కచ్చితంగా చెప్పుకోవచ్చు. అది కొత్త పట్టు పుట్టించదు, నేల ఇచ్చిన పట్టును వృథా కానివ్వదు. రాపిడి 0.35 ఉన్న జారుడు దారిలో వెనక చక్రాలతోనే నడిచే బండికి, బరువులో అరవై శాతం వెనక పడిందనుకున్నా, ఐదుకు ఒకటి ఏటవాలు దాటడం కష్టం. నాలుగు చక్రాలూ నెడితే మూడుకు ఒకటి దాకా పోవచ్చు. ముందు చక్రాలతో నడిచే కార్ల పరిస్థితి మరీ అన్యాయం. ఎక్కేటప్పుడు బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి అవసరమైన చోటే వాటి పట్టు సడలుతుంది.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఇప్పటి బండ్లలో కంప్యూటరు, గాలిలో తిరిగే చక్రానికి తనంతట తానే బ్రేకు వేసి, టార్క్‌ను నేల తగిలిన చక్రానికి మళ్లిస్తుంది కదా, ఇంకా పాత జీపుల గొడవెందుకు అని. ఆక్షేపణలో నిజముంది. ఇరుసుకు అందిన టార్క్‌ను రెండు చక్రాలకూ పంచే మామూలు డిఫరెన్షియల్ ఉన్న పాత జీపులో ఒక ముందు చక్రం, దానికి ఎదురు మూల వెనక చక్రం గాలిలోకి లేస్తే మిగతా రెండూ నేల మీదున్నా బండి కదలదు. కొత్త బండి కదులుతుంది. అయితే కంప్యూటరు చక్రం జారాక మేలుకుంటుంది, ఆ సర్దుబాటుకు బ్రేకుల వేడి ఖర్చవుతుంది. జీపు గట్టి ఇరుసు మాత్రం ఒక చక్రం రాయెక్కితే రెండోదాన్ని కిందికి తోస్తుంది. చాలాచోట్ల చక్రం గాలిలోకి లేచే అవసరమే రాదు. పొట్ట కింద ఖాళీ తక్కువైన బండికైతే ఏ కంప్యూటరూ సాయం చేయలేదు. టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందన్న సలహాకూ హద్దుంది. 35 పౌండ్ల నుంచి 20కి దించితే నేల తాకే జాగా బాగా పెరుగుతుంది. ఇసుకలో అది వరమే. క్వార్ట్జైట్ అంచులు మాత్రం గాలి తగ్గి ఉబ్బిన టైరు పక్కగోడను కోసేస్తాయి.

ఎక్కడం గురించి ఇంత చెప్పుకున్నా, అసలు పరీక్ష దిగేటప్పుడే. నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా గిద్దలూరు పోయే ఘాట్‌లో గానీ మరెక్కడ గానీ, మన 2,000 కిలోల బండి 300 మీటర్లు కిందికి దిగిందంటే వదిలించుకోవలసిన శక్తి దాదాపు 60 లక్షల జౌళ్లు. మామూలు నీళ్లు ఇరవై లీటర్లను మరిగే దాకా కాచవచ్చు. బ్రేకులతోనే దిగితే ఆ వేడిలో పెద్ద భాగం వాటిలోకే పోతుంది. బ్రేకు ద్రవానికి గాలిలోని తేమను పీల్చే గుణముంది. కొత్తగా 205 డిగ్రీలు తట్టుకునే డాట్ 3 ద్రవం తడి చేరాక 140 డిగ్రీలకే మరగొచ్చు. గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరితే పెడల్ మెత్తగా నేలకు దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే ఎక్కిన గేరులోనే దిగమంటారు. ఇంజన్ తిరగడానికి పెట్టే మొరాయింపే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందన్న వాదన ఈ కాలపు ఇంజన్లకు వర్తించదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే వాటికి ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది, న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది.

వానాకాలంలో భవనాశి లాంటి వాగులు దాటేటప్పుడు బరువైన బండి కొట్టుకుపోదన్న ధీమా ఇంకొకటి. పైనుంచి చూస్తే బండి పరిచిన జాగా ఏడు చదరపు మీటర్లకు కాస్త తక్కువ. నీళ్లు దాని అడుగును తాకాక మరో 30 సెంటీమీటర్లు లేస్తే, లోపలికి నీరు దూరే లోగా, రెండు టన్నుల బండీ తేలుతుంది. కింద ఖాళీ 20 సెంటీమీటర్లనుకుంటే మొత్తం మోకాలి లోతు. అడుగు తాకాక ఆ 30 సెంటీమీటర్లలో సగం లేచేసరికే చక్రాల మీద బరువు సగమైపోతుంది, దానితో పాటు పట్టూ సగం. ప్రవాహం వేగం రెట్టింపైతే పక్కకు నెట్టే బలం నాలుగింతలు. అప్పుడు నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయా రెండేనా అన్నది నీళ్లకు పట్టదు. రాతి కొండల మీద పడ్డ వాన నేలలోకి అంతగా ఇంకదు కాబట్టి ఈ వాగులు ఎంత హఠాత్తుగా పొంగుతాయో అంత త్వరగానూ తీస్తాయి. గట్టు మీద ఆగిన జీపుకు అయ్యే ఖర్చు తరచూ కొన్ని గంటలే.