మీ అమ్మాయి ఫుట్‌బాల్ ఆడతానంటే...

"కాలేజి ఫుట్‌బాల్ జట్టులో పేరిచ్చాను నాన్నా" అని ఒక సాయంత్రం మీ అమ్మాయి వచ్చి చెప్పిందనుకోండి. మీరేమంటారు?

మీ ఇల్లు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలోనే వుందనుకుందాం. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే ఆ రోడ్డు పొడుగునా ఇప్పుడు కాలేజీలే. పొద్దున్నే బస్సుల నిండా ఆడపిల్లలే. చదువుకు పంపడానికి ఎవరూ వెనకాడడం లేదు. కాని అదే అమ్మాయి నిక్కరు, మేజోళ్లు తొడుక్కుని బంతి వెంట పరుగెత్తుతానంటే మాత్రం ఇల్లంతా ఒక్కసారి మౌనంగా అయిపోతుంది. "పెద్దమనిషైన పిల్లకు గీ దుంకులాట ఏందిరా?" అని నానమ్మ కొడుకును నిలదీస్తుంది. తల్లికి కాలు విరుగుతుందేమోనని భయం. తండ్రికి పెళ్లి సంబంధాల భయం.

చాలా కాలేజీల్లో సీజన్ మొదట్లో గ్రౌండుకు వచ్చే అమ్మాయిలు ఎక్కువే. యూనివర్సిటీ టోర్నమెంటు నాటికి పదకొండు మందిని కూడగట్టడమే కోచ్‌కు గగనమవుతుంది. ఆట రాక మానేసేవారు తక్కువ. ఒకరికి నీరసం, ఒకరికి మోకాలి దెబ్బ, ఒకరిని ఇంట్లో మాన్పించారు. ఈ మూడు కారణాలనూ చాలావరకు తొలగించవచ్చు. అందులో సగం పని మీ వంటింట్లోనే జరుగుతుంది.

గర్భసంచి జారిపోతుందా?

ముందు ఈ అనుమానం సంగతి తేల్చుకుందాం. ఎగిరినా, దూకినా, పరుగెత్తినా గర్భసంచి జారదు, తిరగబడదు. కటి ఎముకల నడుమ కండరాలు, బంధనాలు దానిని భద్రంగా పట్టి వుంచుతాయి. ఫుట్‌బాల్ ఆడినంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు. ఆటలాడి, పెళ్లి చేసుకుని, బిడ్డలను కని, మళ్లీ మైదానానికి వచ్చిన క్రీడాకారిణులు ప్రపంచంలో ఎందరో వున్నారు.

పైకి అడగలేక లోలోపల బాధపడే ప్రశ్న మరొకటి వుంది: "కన్నెపొర చిరిగితే రేపు పెళ్లిలో మాట వస్తుందేమో?" కన్నెపొర అందరిలోనూ ఒకేలా వుండదు. కొందరిలో పుట్టుకతోనే చాలా పలుచన. సైకిలు తొక్కినా, ఆటలాడినా సాగవచ్చు, చిరగవచ్చు. అది చూసి ఒక అమ్మాయి శీలాన్ని నిర్ణయించడం ఏ డాక్టరుకూ సాధ్యం కాదు. ఇంత పలుచని పొర కోసం పిల్ల ఆటను బలిపెట్టకండి.

ఈ అపోహలు మన ఊళ్లకే పరిమితం కాదు. ఇంగ్లండులో మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లు జట్లు కట్టి ఆడారు. 1920 డిసెంబరు 26న లివర్‌పూల్‌లో డిక్ కెర్ లేడీస్ అనే జట్టు ఆట చూడడానికి 53,000 మంది వచ్చారు. మరుసటి సంవత్సరమే అక్కడి ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన క్లబ్బుల మైదానాలలో వారిని ఆడనివ్వరాదని ఆంక్ష పెట్టింది. స్త్రీ శరీరం దీనికి తట్టుకోలేదని వంతపాడిన డాక్టర్లు కూడా వున్నారు. ఆ ఆంక్ష పూర్తిగా తొలగడానికి 1971 దాకా పట్టింది. మన దేశంలో మాత్రం ఆడపిల్లలు 1980లో కాలికట్‌లోనూ, 1983లో బ్యాంకాక్‌లోనూ ఆసియా పోటీల ఫైనల్ దాకా వెళ్లి వచ్చారు.

తండా నుంచి జాగ్రెబ్ దాకా

ఇప్పటి ఉదాహరణ కావాలంటే మన తెలంగాణలోనే వుంది. నిజామాబాద్ జిల్లాలో ఒక తండాలో పుట్టిన గుగులోతు సౌమ్య మొదట పరుగు పందేల అమ్మాయి. ఆ వేగమే ఆమెను ఫుట్‌బాల్‌కు తెచ్చింది. గోకులం కేరళ జట్టుకు ఆడింది. 2022లో యూరప్‌లోని క్రొయేషియాకు వెళ్లి డైనమో జాగ్రెబ్ జట్టులో చేరింది. తిరిగివచ్చి ఈస్ట్ బెంగాల్ తరఫున ఆడింది. ఆ జట్టు 2024-25 సీజన్‌లో జాతీయ మహిళా లీగ్ గెలుచుకుంది. ఆ సంవత్సరానికి దేశంలో ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య సౌమ్యనే ఎంపిక చేసింది. 2025 జులైలో మన మహిళా జట్టు థాయ్‌లాండ్‌ను దాని సొంతగడ్డ మీద 2-1తో ఓడించి, అర్హత పోటీల ద్వారా మొట్టమొదటిసారి ఆసియా కప్‌లో చోటు సంపాదించింది.

అందరూ సౌమ్యలు కానక్కరలేదు. మీ అమ్మాయి కాలేజి జట్టులో మూడేళ్లు ఆడి, పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరినా చాలు. ఇరవై అయిదేళ్ల లోపు పరుగెత్తి, దూకి గట్టిపరచుకున్న ఎముకలే ముసలితనంలో ఆమెను కాపాడతాయి.

చివరి ఇరవై నిమిషాల రహస్యం

గోల్ చేసిన అమ్మాయి పేరు పేపర్లో పడుతుంది. మొదటి సగంలో చురుగ్గా ఆడి, చివరి ఇరవై నిమిషాల్లో కాళ్లీడ్చే అమ్మాయికి "బద్ధకం" అనే పేరు పడుతుంది. ఆ పిల్ల నెత్తురు పరీక్ష చేయించారా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో వందకు 59 మందికి రక్తహీనత వుంది. అంటే పదకొండు మంది జట్టులో ఆరుగురు! 90 నిమిషాల మ్యాచ్‌లో మధ్య వరుసలో ఆడే క్రీడాకారిణి పది కిలోమీటర్ల దాకా పరుగెత్తవలసి వస్తుంది. కండరాలకు ప్రాణవాయువును మోసుకుపోయేది నెత్తురులోని హిమోగ్లోబిన్. అది తక్కువైతే ఎంత మంచి ఆటగత్తె అయినా ఆయాసపడక తప్పదు.

సీజన్ మొదలు కాకముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయ్యే పరీక్షే ఇది. 12 గ్రాముల కంటే తక్కువ వుంటే డాక్టరు చెప్పిన మోతాదులో ఇనుము మాత్రలు వాడాలి. నాలుగు రోజులు మింగి, మలం నల్లగా వస్తోందని మానేయకండి, అది మామూలే. నెలల తరబడి వాడితేగాని నిల్వలు నిండవు. కడుపులో పురుగులు వుంటే వాటికీ మందు వేయాలి.

ఇక భోజనం. తోటకూర, పాలకూర, శనగలు, పెసలు, నువ్వులు, రాగిజావ, జొన్నరొట్టె తరచుగా పెట్టండి. పప్పు మీదో, కూర మీదో నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న గంటసేపటి దాకా టీ ఇవ్వకండి. మాంసాహారులైతే వారానికోసారి కాలేయం, రోజుకో గుడ్డు మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: ఏడు గంటల బస్సు అందుకోవాలని టిఫిన్ మానేసి, మధ్యాహ్నం డబ్బాలో నాలుగు ముద్దలు తిని, రాత్రి అన్నదమ్ములకు వడ్డించాక మిగిలింది తినే పిల్ల ఫుట్‌బాల్ ఆడలేదు. ఆటకు మూడు గంటల ముందు సరైన భోజనం, గంట ముందు ఒక అరటిపండు, ఆట అయిన గంటలోపు గుడ్డో, పల్లీపట్టీతో గ్లాసెడు పాలో పడాలి. మగపిల్లవాడు ఆడి వస్తే ఏం పెడతారో అదే పెట్టండి. ఎక్కువేమీ అక్కరలేదు.

మోకాలు జాగ్రత్త

మోకాలి లోపల ముందువైపు ఒక బంధనం వుంటుంది. పరుగెత్తుతూ చటుక్కున మలుపు తిరిగినప్పుడు, ఎగిరి వంకరగా దిగినప్పుడు అది తెగవచ్చు. ఎవరూ తగలకుండానే తెగవచ్చు. ఫుట్‌బాల్ ఆడే అమ్మాయిల్లో ఈ దెబ్బ అబ్బాయిల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. శరీర నిర్మాణంతో బాటు, తొడ కండరాలకు, దూకి దిగే పద్ధతికి చిన్నప్పటి నుంచీ తగిన శిక్షణ లేకపోవడం కూడా కారణమే.

దీనికి మంచి ఉపాయం వుంది. ఆటకు ముందు 20 నిమిషాలు వరుసక్రమంలో మెల్లని పరుగు, ఒంటికాలి మీద నిలబడడం, తొడలకూ నడుముకూ బలమిచ్చే వ్యాయామాలు, మోకాళ్లు లోపలికి వాలకుండా మెత్తగా దిగడం సాధన చేయాలి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలు 1,892 మంది మీద దీనిని పరీక్షించారు. 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఈ వ్యాయామాలు చేసిన జట్లలో దెబ్బలు మూడోవంతు దాకా తగ్గాయి. పైసా ఖర్చు లేదు. "ఇది చేయిస్తున్నారా?" అని కోచ్‌ని అడగండి. అడిగే హక్కు మీకుంది.

మోకాలు టప్‌మని చప్పుడైనట్టనిపించి, కాసేపట్లోనే వాచిందా? ఆట ఆపించి, గుడ్డలో ఐసు చుట్టి పెట్టి, పట్టీ కట్టి, కాలు ఎత్తుగా వుంచండి. నూనె రాసి మర్దన చేయించకండి. కట్టు కట్టించుకోవడానికి ఊళ్లు తిరగకండి. ఎముకల డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అవసరమైతే మళ్లీ మ్యాచ్ ఆడడానికి తొమ్మిది నెలలైనా ఆగాలి.

బహిష్టు రోజుల్లో

ఆ మూడు రోజులూ ఆడవచ్చా? ఒంట్లో బాగుంటే నిక్షేపంగా ఆడవచ్చు. కొందరికి ఆడితే కడుపునొప్పి తగ్గుతుంది కూడా. నొప్పి ఎక్కువైతే విశ్రాంతి తీసుకోవచ్చు. ప్యాడ్ మార్చుకోవడానికి గ్రౌండు దగ్గర నీళ్లు, తలుపు వున్న గది కావాలి. అది లేకనే ఎందరో పిల్లలు ప్రాక్టీసు ఎగ్గొడతారు. కాలేజీవారిని కలిసినప్పుడు తల్లిదండ్రులు మొహమాటపడకుండా ఈ మాట అడగాలి. ఒంటికి సరిపడే స్పోర్ట్స్ బ్రా కూడా బూట్లంత అవసరమే.

ఒక హెచ్చరిక. మూడు నెలలు వరసగా బహిష్టు రాకపోతే "ఆటల వల్లేలే" అని ఊరుకోవద్దు. చేసే శ్రమకు సరిపడా తినకపోతే శరీరం ముందు ఆపేది దానినే. ఆ వెనుక ఎముకలు గుల్లబారతాయి. లావవుతానేమోనని అన్నం మానేసే పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. స్త్రీల డాక్టరును కలవండి.

ఎండ, నీళ్లు, తలకు దెబ్బ

మన ప్రాంతపు ఎండల్లో మధ్యాహ్నం ప్రాక్టీసు కూడదు. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం అయిదు తరువాత మంచిది. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ చాలా మంచిది. మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాలలేదని గుర్తు. కళ్లు తిరిగి, మాట తడబడితే వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

తలకు దెబ్బ తగిలి క్షణకాలం దిమ్మెరపోయినా ఆ రోజు ఇక ఆడకూడదు. వాంతులు, మగత, తలనొప్పి పెరగడం కనిపిస్తే తెల్లారేదాకా చూద్దామనవద్దు.

ఈసారి మ్యాచ్ వుందని మీ అమ్మాయి చెబితే ఒక్కసారి వెళ్లి చూడండి. నానమ్మనూ తీసుకెళ్లండి. గట్టు మీద కూర్చుని, బంతి ఎవరి దగ్గరుందో అర్థం కాకపోయినా, మనవరాలు లేచి పరుగెత్తడం ఆమెకు అర్థమవుతుంది. రాత్రి కంచంలో రెండోసారి వడ్డించేది ఆమే!