పాత కారునకు స్వల్పవ్యయముతో రంగు

గోడలకు సున్నము వేయించుట, తలుపులకు రంగు పూయించుట, ఇత్తడి గిన్నెలకు కళాయి పెట్టించుట, ఇవి యన్నియు గృహిణి చూచుకొను పనులే. వాకిట నిలిచిన కారు మాత్రము పురుషుల వ్యవహారమని పలువురి తలంపు. కాని దాని బాగునకై వ్యయమగు సొమ్ము ఇంటి పద్దులోనిదే కదా! పిల్లల చదువునకో, పెద్దల వైద్యమునకో దాచిన మొత్తములోనుండి తీసినదే. కావున ఈ పనిలో ధన మెచట సార్థకమగునో, యెచట మట్టిపాలగునో సోదరీమణులకు తెలిసియుండుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన యిండ్లలోని పాతకార్లలో అంబాసిడరు 1958 మొదలు 2014 వఱకును, మారుతి 800 కారు 1983 మొదలు 2014 వఱకును తయారైనవి. ఈ రెండును ఇప్పుడు కొత్తవి దొరకవు. ఉన్నవానిని ప్రేమతో కాపాడుకొనువారు నేటికిని కలరు. సొంతకారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములతో ముగియును. పిదప తనిఖీ జరిపి 5 సంవత్సరముల చొప్పున పొడిగింతురు. ఆ తనిఖీకి పోవలసివచ్చినప్పుడే పలువురకు తమ కారురంగు వెలిసిన సంగతి జ్ఞప్తికి వచ్చుచుండును. అప్పుడు తొందరలో ఎవరు తక్కువ చెప్పిన వారికి బండి నప్పగింతురు. చిక్కంతయు అచటనే మొదలగును.

అన్నిటికంటె ముందు అసలు రంగు వేయించుట యవసరమా యని చూడవలెను. పాత కార్లలో తెలుపు, ఎఱుపు మున్నగు సాదారంగులపై క్లియరు కోటు తఱచుగా లేదు, రంగే మెఱయుచుండును. అట్టిది యెండకు వెలవెలబోయి, చేయి రాచినచో సుద్దపొడివలె అంటినను, లోపలి పొర చెడియుండకపోవచ్చును. కారును బాగుగా కడిగి ఆరనిచ్చి, తెల్లని మెత్తని గుడ్డపై కొంచెము రబ్బింగు కాంపౌండు అద్ది, బానెట్టు మూల జానెడు మేర రుద్ది చూడుడు. గుడ్డకు కారురంగు అంటి, రుద్దినచోట పూర్వపు మెఱుపు తేలినచో, ఆ కారునకు కావలసినది పాలిషే గాని రంగు కాదు. ఒక దినపు శ్రమతో పని తీఱును. క్లియరు కోటు గల కారునందు ఆ పొర తెల్లబడి పొలుసులుగా లేచిపోవుచున్నచో మాత్రము ఏ పాలిషును దానిని మరల అతికింపజాలదు. అప్పుడు రంగు తప్పదు.

కారు రేకు మందము ఇంచుమించుగా ముప్పాతిక మిల్లీమీటరు మాత్రమే. దానిపై కర్మాగారమున తుప్పు నడ్డుకొను ప్రైమరు, అటుపై రంగును నిలుపు మఱియొక ప్రైమరు, తరువాత రంగు వేయుదురు. ఈ పొరలన్నియు కలిసియు మిల్లీమీటరులో సుమారు పదియవ వంతు. ఇంత పలుచని పొర యిన్నేండ్లు ఎండవానలను ఓర్చుటకు కారణము రంగు గొప్పతనము కాదు, దాని క్రింది రేకును శుభ్రపఱచిన శ్రద్ధ. షెడ్డులో మేస్త్రి చేయవలసినదియు అదియే. గట్టి పుట్టీని 80 నంబరు గరుకు కాగితముతో సాపుచేయుట, ప్రైమరును 320, 400 నంబరులతోను, రంగుకు ముందు 600 మొదలు 800 వఱకు నంబరుగల నీటి కాగితముతోను రుద్దుట, నూనెజిడ్డు తుడుచుట, అద్దములకు, రబ్బరులకు టేపు అంటించుట, ఇవి దినములతరబడి సాగు పనులు. రంగు చల్లుటకు పట్టునది కొన్ని గంటలే. చిన్న కారునకు కలిపి సిద్ధముచేసిన రంగు మూడు నాలుగు లీటర్లకు మించి పట్టదు. కావున ఎవరైనను ధరను మిక్కిలి తగ్గించి చెప్పినచో, ఆ తగ్గినది రంగులో కాదు, కంటికి కనబడని యీ రుద్దుడు పనిలోనని గ్రహింపవలెను.

రంగులయందును భేదములు కలవు. నైట్రోసెల్యులోసు లాక్కరు అనునది వేసిన కొన్ని నిమిషములకే ఆఱును. ఇది రాకముందు కార్లకు పూసిన వార్నిషు రంగులు ఆఱుటకు వారములు పట్టెడివట. 1924 నాటి ఓక్లాండు కార్లకు అమెరికాలో డ్యూకో యను ఈ జాతి నీలిరంగు వేయుటతో ఆ నిరీక్షణ ముగిసినది. కాని యిది త్వరగా వెలియును, పెట్రోలు చిందినచో మెత్తబడును. నేడు షెడ్డులలో పి.యు. అని పిలుచునది వేఱు. దానిలో హార్డెనరు కలుపుదురు. పాలలో తోడు వేసిన పిమ్మట అవి మరల పాలు కానట్లే, హార్డెనరు కలిసిన రంగు గట్టిపడియే తీఱును. కొలది గంటలలో వాడివేయవలెను. మితవ్యయము కోరువారికి మా సలహా యేమనగా, క్లియరు కోటు అక్కఱలేని సాదారంగు పి.యు. వేయించుకొనుడు. మెటాలిక్ రంగులు చూచుటకు ముచ్చటగానే యుండును. అవి క్లియరు కోటును గోరును, ఒక తలుపు మాత్రము వేయించినచో ప్రక్కభాగముతో ఛాయ కలియదు. తెలుపు కారు గల యిల్లాలు ఈ విషయమున అదృష్టవంతురాలు.

పొదుపునకు గొప్ప మార్గము ఉన్న రంగునే మరల వేయించుట. రంగు మార్చినచో తలుపుల లోపలి అంచులు, డిక్కీ లోపలి భాగము, ఇంజను గది కూడ మార్చవలసివచ్చును. లేనియెడల తలుపు తెఱచినప్పుడెల్ల పాతరంగు వెక్కిరించును. పైగా కారు రంగు రిజిస్ట్రేషను పత్రములో వ్రాయబడియుండును గనుక మార్పును రవాణా కార్యాలయమున నమోదు చేయించుకొనవలెను. కుఱ్ఱవాండ్రు ముచ్చటపడి పట్టాళపు బండివలె కనబడవలెనని ఆలివ్ ఆకుపచ్చ కోరుచుందురు. రక్షణశాఖ వాహనములకు తప్ప ఆ రంగు కూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి చెప్పుచున్నది.

రెండవ పొదుపు మన చేతిలోనిదే. వైపర్లు, వెనుకదీపముల గిన్నెలు, పేరు పలకలు, రబ్బరు బీడింగులు ఇంటనే విప్పి, మరలను ఆయా వస్తువులతోనే చిన్న సంచులలో కట్టి, ఏది యెచటిదో చీటి వ్రాసి యుంచవచ్చును. ఆవకాయ జాడీలకు చీటి యంటించు చేతులకు ఇది కష్టమా? టేపు అంటించి రంగు చల్లినచోట అంచున గీత పడి, కొన్నాళ్ళకు అచటినుండియే రంగు లేచును. విప్పినచోట ఆ బాధ లేదు. ఎండ యెక్కువగా సోకు బానెట్టు, పైకప్పు మాత్రమే చెడియున్నచో ఆ రెంటికే రంగు వేయించినను సగము కారు కొత్తదగును.

ఇంతవఱకు చెప్పినది తగ్గించుకొనదగిన వ్యయము. తగ్గించుకొనరానిది తుప్పు పని. సముద్రతీరపు పట్టణములయందు, వర్షపునీరు నిలుచు వీధులయందు తిరుగు కార్లకు తలుపుల క్రింది పట్టీయు, కాళ్ళక్రింది రేకును లోపలినుండి తినివేయబడుచుండును. ఆ భాగములు అలంకారమునకు గాదు, బండి బలమునకు. మా యెఱుకలో కాకినాడయందలి యొక గృహస్థురాలు అందఱికంటె తక్కువ ధర చెప్పిన షెడ్డులో కారు వేయించిరి. తెచ్చిననాడు అద్దమువలె ఉన్నది. తొలకరి ముగియకమునుపే తలుపు క్రింద ఆవగింజలంత బొబ్బలు లేచినవి. ఒకదానిని గోటితో నొక్కగా పుట్టీ పెచ్చు ఊడి, లోపల రేకు జల్లెడవలె కనబడినది. తుప్పుపై పుట్టీ నింపి రంగు చల్లిరన్నమాట! పిదప రేకు కోయించి, వెల్డింగు చేయించి, ఆ ప్రక్కకంతకును మరల రంగు వేయింపగా, మొదట రెండవ షెడ్డువారు చెప్పిన మొత్తమునకు మించి ఖర్చయినది. దానికంటె విచారింపవలసినది వేఱొకటి కలదు. ఆ యిల్లాలు ఆ నెలలన్నియు పిల్లలను వెనుక కూర్చుండబెట్టుకొని ఆ బండిలోనే ప్రయాణము చేసిరి.

దీనికి ఒక సులభ పరీక్ష కలదు. వంటింటి ఫ్రిజ్జు తలుపునకు అంటించు చిన్న అయస్కాంతమును పలుచని గుడ్డలో చుట్టి రేకుపై జరుపుడు. మందముగా పుట్టీ యున్నచోట అది పట్టక జాఱును. ప్లాస్టిక్ బంపరులపై నెట్లును పట్టదు గనుక భయపడనక్కఱలేదు. పాతకారు కొనునప్పుడును ఈ పరీక్ష పనికివచ్చును.

మేస్త్రితో మాటలాడునప్పుడు టింకరు పనికి, రంగుకు వేఱువేఱుగా లెక్క వ్రాయించుకొనవలెను. "అమ్మగారూ, పుట్టీ పెట్టి సాపుచేసెదము, తెలియనే తెలియదు" అని యతడనును. "మేస్త్రిగారూ, తెలియకపోవుటయే మాకు వలదు. చెడిన రేకు కోసి కొత్తరేకు వేయుటకెంత యగునో చెప్పండి" అని నెమ్మదిగా అడుగుడు. మంచి పనివాడు ఈ మాటకు కోపింపడు. పని తెలిసినవారు వచ్చిరని సంతోషించును. సొమ్ము ఒక్కమాఱే ఇయ్యక మూడు భాగములుగా ఇచ్చుట మేలు. మధ్యభాగము ప్రైమరు వేసిన కారును చూచిన పిమ్మటనే. రంగు పడినతరువాత లోపము లన్నియు కప్పబడును. ప్రైమరు మీద గుంటలు, గీతలు పట్టపగలు కనబడును. విజయవాడ ఆటోనగరువంటి దూరపు చోటికి పోవ వీలుకానివారు ఫోనులో ఫొటోలైనను తెప్పించుకొనవచ్చును.

కాలమును కూడ చూడవలెను. వానకాలపు తేమలో లాక్కరు రంగు పాలుపోసినట్లు తెల్లబడును. మే నెల యెండలో రంగు రేకుపై పఱచుకొనకమునుపే ఆఱి, నారింజతొక్కవలె గరుకుదేలును. సంక్రాంతి మొదలు ఉగాది వఱకు గల దినములు మన ప్రాంతమున అనుకూలమైనవి.

ఇక అందఱును ఉపేక్షించు విషయమొకటి. పి.యు. రంగు హార్డెనరులో ఐసోసయనేటులను పదార్థములు కలవు. చల్లునప్పుడు ఆ తుంపరలు ఊపిరితిత్తులలోనికి పోయి ఉబ్బసమును కలిగించును. ఒకమాఱు ఆ వ్యాధి పట్టినవానికి తరువాత లేశమాత్రము సోకినను ఊపిరి తిరుగదు. ముక్కునకు రుమాలు కట్టుకొనుట యేమాత్రమును రక్ష కాదు. గొట్టముద్వారా వెలుపలి మంచిగాలి నందించు ముసుగే దీనికి తగినది. పదునెనిమిదేండ్లయినను నిండని పిల్లవానిచేత రుమాలుతో రంగు చల్లించు షెడ్డు ఎంత చౌక చెప్పినను మనకు వలదు. ఆ చౌకకు మూల్యము మఱియొక తల్లి బిడ్డ చెల్లించుచున్నాడు. కంప్రెసరు అద్దెకు తెచ్చి ఇంటి పెరటిలో చల్లించు ఆలోచనయు మానుకొనుడు. పాతకాలపు పసుపు, ఎఱుపు రంగులలో సీసము ఉండుట కలదు. ఇంటి రంగులలో దానిని 90 పి.పి.ఎమ్.కు మించరాదని 2017 నవంబరునుండి అమలైన నియమము ఆ పాత పొరలను తుడిచివేయలేదు. కావున వానిని పొడిగా గీకక, నీటితో తడిపి రుద్దించవలెను.

కారు ఇంటికి వచ్చిన పిమ్మట నెలదినములు మైనపు పాలిషు పూయకుడు. లోపలి ద్రావకము ఇంకను వెలికి రావలసియుండును. ప్లాస్టిక్ ముసుగు కప్పకుడు. కాకిరెట్టను చూచిన వెంటనే నీటితో కడిగివేయుడు. కొత్తరంగని పూజ చేయువారు పసుపు కుంకుమలను రేకుపై గాక అద్దముపై పెట్టుట మంచిది. మిగిలిన రంగును హార్డెనరు కలుపకమునుపే మేస్త్రినడిగి, చిన్న గాజుసీసాలో మూతివఱకు నింపి, రంగు పేరు, నంబరు, తేదీ వ్రాసి, పిల్లల కందని చల్లనిచోట దాచుడు. ఎవరి సైకిలు హ్యాండిలో గీచినప్పుడు సన్నని కుంచెతో ఆ గీత నింపుకొనుటకు అది చాలును.