రక్షణమునకు వలయు విశ్వాసమెట్టిది?

విశ్వాసమొక్కటే చాలునని ప్రొటెస్టంటులును, విశ్వాసముతో సత్క్రియలును వలయునని కథోలికులును చెప్పుదురని లోకమున వాడుక. ఇది అసత్యము కాదు గాని వివాదమూలమును తెలుపజాలదు. విశ్వాసమను పదమునకు ఉభయులును గ్రహించిన యర్థమే వేరు.

విశ్వాసమున మూడంశములు కలవు: బోధింపబడిన విషయము నెరుగుట, అది సత్యమని యంగీకరించుట, దేవునిపై భారము వేయుట. 13వ శతాబ్దివాడగు తామస్ అక్వినాస్ రెండవదానిని ప్రధానముగా గొనెను. దైవము తెలిపిన సత్యమును బుద్ధి యంగీకరించుట విశ్వాసము. ప్రేమతో గూడిననే యది సజీవమై రక్షించును. మార్టిన్ లూథర్ మూడవదానిని ప్రధానము చేసెను. క్రీస్తు తన కొరకే మరణించెనని నమ్మి యాయనపై భారము వేయుటయే యాతని దృష్టిలో విశ్వాసము. సత్క్రియలు దాని ఫలములే గాని రక్షణకారణములు కావు.

1522లో ప్రకటించిన జర్మను అనువాదమున లూథర్, రోమా పత్రిక మూడవ యధ్యాయమున మూలమునందు లేని ‘మాత్రమే’ యను పదమును చేర్చెను. మనుష్యుడు విశ్వాసమాత్రముననే నీతిమంతుడు కాడని యాకోబు పత్రిక చెప్పుచున్నదని కథోలికులు ప్రత్యుత్తరమిచ్చిరి. 1547 జనవరి 13న ట్రెంట్ మహాసభ ‘విశ్వాసమాత్ర’ వాదమును ఖండించెను. అయినను దైవానుగ్రహము లేక మనుష్యుడు స్వప్రయత్నముననే నీతిమంతుడగునను వాదమును సైతము ఆ సభయే ఖండించెనని పలువు రెరుగరు.

ఇక, ఎంత తెలిసిన చాలును? చదువురాని కృషీవలుడు త్రిత్వసిద్ధాంతమును వివరింపలేడు. అట్టివాడు ముఖ్యాంశములను స్పష్టముగా నమ్మి, తక్కినవానిని సంఘము నమ్మినట్లు నమ్మిన చాలునని అక్వినాస్ చెప్పెను. అజ్ఞానమునకు విశ్వాసమని పేరిడరాదని కాల్విన్ దీని నాక్షేపించెను. కావుననే ప్రొటెస్టంటులు సామాన్యులకు ప్రశ్నోత్తర గ్రంథములను, స్వభాషలో బైబిలును అందింప యత్నించిరి. చెన్నపట్టణమున బోధకుడుగా నుండిన బెంజమిన్ షుల్ట్జ్ తెలుగున కూర్చిన చిన్న ప్రశ్నోత్తర గ్రంథము 1746లో జర్మనీలోని హల్లే నగరమున అచ్చగుటకు మూలమీ యుద్దేశమే.

సువార్త వినకయే గతించినవారి మాటయేమి? పితామహులు హిందువులైన తెలుగు క్రైస్తవ కుటుంబములకిది కేవల శాస్త్రచర్చ కాదు. 1442లో ఫ్లారెన్సు మహాసభ సంఘమునకు వెలియైనవారికి నిత్యజీవము లేదని కఠినముగా శాసించెను. 1964లో రెండవ వాటికన్ మహాసభ, తమ దోషము లేకయే సువార్త నెరుగనివారు నిష్కపట హృదయముతో దేవుని వెదకి, అనుగ్రహప్రేరణచే మనస్సాక్షి ననుసరించినచో రక్షణ పొందవచ్చునని ప్రకటించెను. ప్రొటెస్టంటులలో ఏకాభిప్రాయము లేదు: కొందరు క్రీస్తునందు స్పష్టమైన విశ్వాసము తప్పదందురు, కొందరు తీర్పును దేవుని కరుణకే విడుతురు.

1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గు నగరమున కథోలిక సంఘమును ప్రపంచ లూథరన్ సమాఖ్యయు ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసెను. 1927లో నేర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమును ఆ సమాఖ్యలోనిదే. మనుష్యుని యోగ్యతవలన గాక, క్రీస్తు రక్షణకార్యమునందలి విశ్వాసమున, అనుగ్రహమాత్రముననే దేవుడతనిని స్వీకరించుననియు, ఆ యనుగ్రహమే సత్క్రియలకు ప్రేరేపించుననియు ఉభయులును ఒప్పుకొనిరి. 2006లో మెథడిస్టులును, 2017లో రిఫార్మ్డ్ సంఘముల ప్రపంచ కూటమియు దీనితో నేకీభవించెను.

భేదములన్నియు తీరలేదు. సత్క్రియల ఫలము, సంస్కారముల స్థానము, సంఘాధికారము నేటికిని చర్చనీయములే. కాని యొకే గ్రామమున రెండు దేవాలయములకు బోవు బంధువులు ఒకరినొకరు విశ్వాసహీనులని గాని, అనుగ్రహము నెరుగనివారని గాని నిందించుటకు ఆధారమిక లేదు.