మా స్నానాలగది మరమ్మతు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇంట్లో స్నానాలగది బాగుచేయించి చూడు అని ఎందుకు అనలేదో నాకు చాలాకాలం బోధపడలేదు. వాళ్ళంతా నూతి దగ్గరే స్నానాలు కానిచ్చేవారు కాబోలు!

రాజమండ్రిలో మాది తాతగారు 1938లో కట్టించిన ఇల్లు. సున్నంతో కట్టిన ఇటుక గోడలు, టేకు దూలాలు. స్నానాలగది మాత్రం నాన్నగారు 1974లో వెనక వసారా ఓ మూల మూయించి ఏర్పాటు చేసినది. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, నేలకు కడప రాళ్ళు. దాని గోడకు అవతల అమ్మ పడుకునే గది. ఈ కథంతా ఆ గోడదే.

నాలుగేళ్ళ కిందట ఆ గోడమీద, అమ్మ గదివైపు, అరచేయంత మచ్చ కనిపించింది. రంగు వేయించాను. వానాకాలం వెళ్ళేసరికి మచ్చ చాటంత అయింది. ఈసారి చెమ్మను ఆపుతుందని చెప్పిన ఖరీదైన రంగు వేయించాను. అది ఆర్నెల్లు ఓపికపట్టి, ఆ తరవాత అప్పడంలా పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలింది. వెనకనుంచి తెల్లని ఉప్పు బయటపడింది. మూడోసారి ఆ చోట కేలండరు తగిలించాను. అంత చవకైన మరమ్మతు మరొకటి లేదు సుమండీ!

ఇలా ఉండగా ఒకనాడు తెల్లవారుజామున లేచి చూద్దును గదా, పెరట్లో చన్నీళ్ళు పోసుకుంటూ అమ్మ! ఎనభై యేళ్ళ మనిషి.

"ఇదేమిటమ్మా?" అన్నాను.

"లోపల నీళ్ళు నిలిచి నాచు పట్టిందిరా. మొన్న కాలు జారింది. తలుపు దొరికింది కాబట్టి సరిపోయింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నీకు ఖర్చు కదా!"

ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మొదట వచ్చిన మేస్త్రీ గదిని ఓసారి కలయజూసి, "మొత్తం పగలగొట్టెయ్యాలండి. లక్షా అరవై వేలవుద్దండి," అన్నాడు. నా దగ్గర ఉన్నది నలభై అయిదు వేలు. గోటితో పోయేదానికి గొడ్డలి దేనికని మా ఆవిడ మరొకరిని పిలిపించింది. ఆయన వయసు మళ్ళినవాడు. వస్తూనే సుత్తి తీయలేదు. పెన్సిలూ, సుద్దముక్కా అడిగాడు!

గోడమీద తడి ఎంతవరకు ఉందో దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. రాత్రి మిగతా గొట్టాలన్నీ కట్టించి, స్నానాలగదికి వెళ్ళే గొట్టం ఒక్కటే తెరిచి ఉంచి, ట్యాంకులో నీటిమట్టం దగ్గర సుద్దతో గుర్తు పెట్టించాడు. తెల్లారి చూస్తే నీరు అక్కడే ఉంది. అంటే గొట్టాలలో దోషం లేదు. ఆ తరవాత పది రోజులు మమ్మల్ని ఆ గదిలో చుక్క నీరు పోయవద్దన్నాడు. పదో రోజుకు తడి పెన్సిలు గీతకు నాలుగు వేళ్ళ లోపలికి తగ్గింది.

"గోడకి జబ్బేం లేదండీ బాబూ. నేలమీద పోసిన నీళ్ళే దారి తప్పి గోడలోకి పోతన్నాయి," అన్నాడు.

కడప రాళ్ళు లేపితే ఆయన మాట నిజమైంది. నీరు దిగే తూము దగ్గర గొట్టం అతుకు పగిలి ఉంది. పైగా నేల వాలు తూమువైపు కాక గోడవైపు ఉంది! దీనికితోడు నేను చేసిన ఘనకార్యం ఒకటి బయటపడింది. అమ్మ గదివైపు సున్నపు గోడకు గట్టిగా ఉంటుందని పూర్వం నేనే సిమెంటు పూయించాను. సున్నపు గోడ లోపలి చెమ్మను పైకి వదిలి ఆరుతుంది. సిమెంటు ఆ దారి మూసేసింది. చెమ్మ ఇంకా పైకి పాకింది.

ఆ సిమెంటు మూడడుగుల ఎత్తువరకు చెక్కించి గోడను మూడు వారాలు ఉత్తినే వదిలేశాం. ఈ ఆరబెట్టడమే అందరికీ తోచని పని. తడి గోడమీద ఏది పూసినా ఊడేదే! ఆరిన తరవాత మళ్ళీ సున్నపు గారే చేయించాం.

స్నానాలగదిలో తూమూ గొట్టమూ మార్చి, ఆరడుగులకు ఒక అంగుళం లెక్కన తూమువైపు వాలు పెట్టాడు. నేలా గోడా కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా తిప్పాడు, మూలల్లోనే ముందు పగులు వస్తుంది గనక. వారం రోజులు నీళ్ళతో తడిపాం. తరవాత వాటర్‌ప్రూఫ్ పూత నిలువుగా ఒకసారి, అది ఆరాక అడ్డంగా ఒకసారి పూశాడు. నేలంతా, చుట్టూ గోడలకు అడుగు ఎత్తు, బకెట్టు పెట్టే మూల నాలుగడుగులు. ఆపైన తూము బిగించి, గదిలో రెండంగుళాల నీరు నింపి, ఒక రోజంతా ఉంచాడు. చుక్క దిగలేదు. ఈ పరీక్ష కాకుండా పలకలు పరచనివ్వకండి.

ఇక ఖర్చు. మేస్త్రీకి రోజుకు 900, సహాయకుడికి 700 చొప్పున పది రోజులకు 16,000. తూమూ గొట్టాలూ, బిగింపు కూలీ 6,500. సిమెంటు, ఇసుక, సున్నం 5,500. పూత 4,200. పలకలూ, వాటిని అతికించి సందులు నింపే సామానూ 9,300. పట్టుకునే స్టీలు కమ్మీ 900. రాళ్ళూరప్పా తోలించినందుకు 1,600. వెరసి 44,000. కూలీ, ధరలు ఊరినిబట్టి మారవచ్చు.

పొదుపు ఎక్కడ చేశామంటారా? గోడ పలకలు నాలుగడుగులతో ఆపాం. దుకాణంలో అమ్మగా మిగిలిన ముక్క లాట్లలో ఏరుకున్నాం. గోడకు ఒక రంగు, నేలకు ఒక రంగు వచ్చాయి. నేలకు మాత్రం గరుకు పలకలే తీసుకున్నాం. లేపిన కడప రాళ్ళు పెరట్లో అంట్లు తోమే చోట పరిపించాం. తూముకూ, పూతకూ, కమ్మీకీ మాత్రం బేరం ఆడలేదు.

పని పూర్తయిన రోజున అమ్మ కమ్మీ పట్టుకుని లోపలికి వెళ్ళి, వేణ్ణీళ్ళు పోసుకుని, తాపీగా బయటికి వచ్చింది. బాగుందనీ అనలేదు, బాగులేదనీ అనలేదు. తన గదిలోకి వెళ్ళి గోడకు అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

సరే, కేలండరు మళ్ళీ తగిలిద్దామని నేను మేకూ సుత్తీ పట్టుకుని వెళ్ళాను.

"ఇంకా దాచడానికి ఏముందిరా అక్కడ?" అంది అమ్మ.