వెన్నునీటి దారా, నెత్తుటి దారా?

పొద్దున లేవగానే వాంతి, తలనొప్పి, నడుస్తుంటే తూలడం. పిల్లల్లో ఈ మూడూ వారాల తరబడి వదలకపోతే డాక్టర్లు అనుమానించే జబ్బుల్లో మెడులోబ్లాస్టోమా ఒకటి. పిల్లలకు వచ్చే మెదడు క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. ఒళ్లు తూలకుండా చూసే చిన్నమెదడులో, అంటే తల వెనక భాగంలో పుడుతుంది. 1925లో అమెరికా వైద్యులు హార్వీ కుషింగ్, పెర్సివల్ బెయిలీ దీనికి ఈ పేరు పెట్టారు.

క్యాన్సర్ పాకిందంటే ఊపిరితిత్తులకో కాలేయానికో చేరిందనుకుంటాం. ఈ కణితి మాత్రం తల, వెన్ను దాటి బయటికి పోవడం అరుదు. మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే పల్చటి పొరల మీదే కొత్త గడ్డలు మొలిపిస్తుంది. జబ్బు బయటపడేనాటికే దాదాపు మూడోవంతు పిల్లల్లో ఇలా పాకి ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఎక్కువగా ఈ పిల్లగడ్డలే.

ఎందుకిలా? మెదడు లోపలి గదుల్లో తేట ద్రవం ఒకటి నిరంతరం ఊరుతుంటుంది. దాని పేరు మస్తిష్కమేరు ద్రవం, అదే వెన్నునీరు. పెద్దవాళ్లలో ఏ క్షణాన చూసినా ఇది సుమారు 150 మిల్లీలీటర్లే ఉంటుంది, కానీ రోజుకు అర లీటరు దాకా ఊరి, పాతది ఇంకిపోతూ ఉంటుంది. నాలుగో గది దాటాక వెన్నుపాము చుట్టూ నడుం దాకా దిగుతుంది. మెడులోబ్లాస్టోమా తరచూ పెరిగేది ఆ నాలుగో గది దగ్గరే. దారికి అడ్డుపడితే ద్రవం నిలిచి తలలో ఒత్తిడి పెరుగుతుంది. పొద్దుటి వాంతులకు మూలం అదే. గడ్డ నుంచి ఊడిన కణాలు ఈ ద్రవంలో కొట్టుకుపోయి, కాలువ దిగువన గట్టుకు చేరిన గింజల్లా వెన్ను పొరల మీద మొలుస్తాయని వైద్యులు దశాబ్దాలుగా నమ్ముతూ వచ్చారు.

చికిత్స కూడా ఆ నమ్మకం మీదే నిలిచింది. గడ్డను కోసి తీశాక వెన్నంతటికీ ఎం.ఆర్.ఐ. తీస్తారు. నడుం దగ్గర సూదితో నీరు తీసి కణాల కోసం వెతుకుతారు. కాస్త పెద్ద పిల్లలకైతే మెదడుతో పాటు వెన్ను మొత్తానికీ రేడియేషన్ ఇస్తారు. ఈ పద్ధతి ఫలితాలను మాంచెస్టర్‌లో ఎడిత్ పాటర్సన్ 1953లో ప్రచురించారు. పెరిగే వయసులో రేడియేషన్ ఎముకల ఎదుగుదలనూ చదువునూ దెబ్బతీస్తుంది కాబట్టి మూడేళ్లలోపు పిల్లలకు వీలైనంతవరకూ కీమోథెరపీతోనే నెట్టుకొస్తారు.

2018లో టొరంటోలోని మైకేల్ టేలర్ బృందం ‘సెల్’ పత్రికలో కొత్త సంగతి చెప్పింది. రక్తం మాత్రమే కలిసేలా రెండు ఎలుకలను జతచేసి కుట్టారు. ఒకదానికే కణితి ఉన్నా, రెండోదాని మెదడు పొరల మీదా గడ్డలు లేచాయి. వాటి మధ్య వెన్నునీరు కలిసే వీలు లేదు కాబట్టి కణాలు రక్తంలోనే ప్రయాణించి ఉండాలి. చికిత్స మొదలుకాని రోగుల రక్తంలోనూ కణితి కణాలు దొరికాయి. మరి రక్తం ఒళ్లంతా తిరుగుతుంటే గడ్డలు పొరల మీదే ఎందుకు? సీసీఎల్2 అనే రసాయన సంకేతం, దాన్ని అందుకునే సీసీఆర్2 అనే గ్రాహకం ఈ వ్యాప్తిని నడిపిస్తున్నాయని ఆ బృందం గుర్తించింది. అంతమాత్రాన వెన్నునీటి దారి లేదని కాదు. దారి ఒక్కటే కాదని తేలింది.

అదే బృందం 2012లో ‘నేచర్’లో ఇంకో చిక్కు బయటపెట్టింది. పాకిన గడ్డల జన్యుమార్పులు అసలు గడ్డలోని మార్పులతో సరిపోలడం లేదు. తల్లిగడ్డలోని కొద్దిపాటి కణాలే వలసపోయి, వేరే జాతిగా మారుతున్నాయన్నమాట. ఆపరేషన్‌లో చేతికొచ్చేది తల్లిగడ్డ. పరీక్షలన్నీ దాని మీదే, మందుల ఎంపికా దాన్ని చూసే. వెన్ను మీది గడ్డల నుంచి ముక్క తీయడం అరుదు. కాబట్టి కొత్త మందు వెతికేవాళ్లు ఇకపై రెండింటినీ విడివిడిగా పరీక్షించాలి. తల్లిగడ్డను కరిగించిన మందు పిల్లగడ్డనూ కరిగిస్తుందని ముందే అనుకోవడానికి లేదు.