రవ్వంత పొడి - కొండంత జాగ్రత్త



మా పత్తికొండ టొమాటాకు పేరుపడిన ఊరు. కాపురం ఊళ్ళో, చేను పల్లెలో ఉన్న కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి చెల్లెలొకామె మొన్న ఒక సీసా తెచ్చి చూపించింది. "అక్కా, ఇది నానో యూరియా అంట. ఈ అర లీటరు సీసా ఒక బస్తాతో సమానమంట. ఇంత చిన్నదాంట్లో అంత బలముంటే, పిల్లోళ్ళు తిరిగే ఇంట్లో పెట్టుకోవచ్చునా?" అని అడిగింది.

2021 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఎరువు ఇది. బస్తాకు సమానమని తయారీదారులు చెబుతున్నా, దిగుబడి సంగతిలో శాస్త్రజ్ఞుల మధ్య వాదం ఉంది. దాన్నలా ఉంచి, ఆమె అడిగిన క్షేమం గురించి చూద్దాం.

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మన తలవెంట్రుక మందమే దాదాపు 80 వేల నానోమీటర్లు. 1 నుంచి 100 నానోమీటర్ల దాకా ఉండే రేణువులను నానో పదార్థాలంటారు.

అంత చిన్నవైతే ఏమవుతుంది? మన వంటింట్లోనే చూడండి. ఎండుమిరపకాయలు గంపలో ఉన్నంతసేపూ ఎవరినీ ఏమీ అనవు. అవే రోట్లో వేసి దంచితే ఇల్లంతా తుమ్ములే! వస్తువు అదే, పొడి అయ్యేసరికి గుణం చూపించే తీరు మారింది. నానో సంగతీ అంతే.

ఇందులో మేలు లేకపోలేదు. 2021లో కరోనా వెనకే నల్ల ఫంగస్ వచ్చినప్పుడు ఒక ఇంజెక్షన్ కోసం జనం ఊరూరా తిరిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. దాని పేరు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్-బి. పాత ఆంఫోటెరిసిన్ మూత్రపిండాలను బాగా దెబ్బతీసేది. అదే మందును నానో సైజు కొవ్వు బుడగల్లో పెట్టి ఇస్తే ఆ హాని తగ్గింది.

మరి కీడు ఎక్కడుంది? కడప జిల్లా నేర్పిన పాఠం ఒకటి ఉంది. పులివెందుల ప్రాంతంలో రాతినార, అంటే ఆస్బెస్టాస్, గనులుండేవి. అది కాలదు, తుప్పు పట్టదు, చవక. ఇంటి రేకులకు అంతకంటే ఏం కావాలి అనుకున్నారు. కానీ దాని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోతే అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయి. ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత క్యాన్సర్‌గా బయటపడవచ్చు.

ఈ అనుభవంతోనే శాస్త్రజ్ఞులు కార్బన్ నానో గొట్టాలను ముందే పరీక్షించారు. 2008లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు వాటిని ఎలుకల పొట్టలోకి ఎక్కించి చూశారు. పొడవాటి గొట్టాలు రాతినార లాగే వాపు తెచ్చాయి. పొట్టివీ, ఉండచుట్టుకున్నవీ అలా చేయలేదు. అంటే పదార్థం పేరొక్కటే కాదు, దాని ఆకారమూ ముఖ్యమే అన్నమాట.

వెండి మాటకొద్దాం. నానో వెండి క్రిములను చంపుతుంది. అందుకే కొన్ని నీళ్ళ ఫిల్టర్లలోనూ, వాసన రాని సాక్సులలోనూ వేస్తున్నారు. 2008లో అమెరికాలో అలాంటి సాక్సులను ఉతికి చూస్తే, కొన్నింటిలోని వెండి నీళ్ళలోకి వచ్చేసింది, కొన్నింటిలో నిలిచింది. మురుగులోకి పోయిన వెండికి మంచి క్రిమి, చెడ్డ క్రిమి అన్న తేడా ఉండదు. మట్టినీ నీటినీ బాగుచేసే క్రిములకూ దానితో ముప్పే.

కాబట్టి 'నానో' అన్న వస్తువు ఏది కనబడినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది గట్టిగా అంటుకుని ఉందా, పొడిగా తుంపరగా ఎగురుతుందా? ఒంట్లోకి ఏ దారిన పోతుంది? వాడాక ఎక్కడికి చేరుతుంది? ముఖానికి రాసుకునే ఎండ క్రీములో టైటానియం రేణువులు చాలావరకు చర్మంపైనే ఉంటాయి. అవే స్ప్రేగా కొడితే ఊపిరితో లోపలికి పోవచ్చు. ఐరోపా దేశాల్లో అలాంటి స్ప్రేలకు ఆ నానో టైటానియాన్ని అనుమతించరు. మీరూ స్ప్రే కంటే క్రీమునే ఎంచుకోండి. ఇంటి మీద పాత సిమెంటు రేకులుంటే పొడిగా కోయించకండి, చీపురుతో దుమ్ము లేపకండి.

ఇక ఆ చెల్లెలికి నేను చెప్పింది వినండి. సీసాను వంటింట్లో, పిల్లల సిరప్పుల పక్కన పెట్టవద్దు. పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచు. మీ ఆయన మందు కొట్టేటప్పుడు గాలి వాలు చూసుకుని, ముక్కూ నోరూ మాస్కుతో మూసుకోవాలి. ఆ బట్టలు విడిగా ఉతుకు. పంపును తాగేనీళ్ళ కుళాయి దగ్గర కడగనివ్వకు. ఖాళీ సీసాలో నూనె పోసుకోవద్దు.

కొత్తదని భయపడి పారిపోనూ వద్దు, నానో అన్న పేరు చూసి మురిసిపోనూ వద్దు. మిరపకాయలు దంచేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మెలకువే ఇక్కడా చాలు. ఏమంటారు?